నిదానమే ప్రధానం: ముసలి కంప్యూటర్ ఉన్నవాళ్లకు కొన్ని సలహాలు

ఇంట్లో కంప్యూటర్ స్లో అయిందని తెలియగానే చుట్టూ ఉన్నవాళ్లు రెండు పార్టీలుగా చీలిపోతారు. "తీసి అవతల పారేసి కొత్తది కొనండి" అనేది ఒక పార్టీ. "నిక్షేపంలా ఉంది, కాస్త బాగుచేయించుకుంటే ఇంకో అయిదేళ్లు వస్తుంది" అనేది రెండోది. ఈ రెండు పార్టీలవాళ్లూ మీ కంప్యూటర్ని ఒక్కసారైనా తెరిచి చూసి ఉండరు. అదే మంచిది. మీరూ చూడకండి. ఎందుకు స్లో అయిందో ఎట్టి పరిస్థితిలోనూ తెలుసుకోకూడదన్నది ఈ విద్యలో మొదటి పాఠం. కారణం తెలిసిందంటే మధ్యాహ్నం భోంచేసి మొదలుపెట్టి సాయంత్రం టీ వేళకి పని ముగించేస్తారు. తెలియకపోతే ఏళ్ల తరబడి కాలక్షేపం.

రెండో పాఠం అంతకన్నా ముఖ్యం. బాగయ్యేదాన్ని పారెయ్యాలి, బాగుపడనిదాని మీద డబ్బు పొయ్యాలి. ముందుగా బాగయ్యేది ఎలా ఉంటుందో చెబుతాను. గుర్తుపట్టకపోతే పొరపాటున దాన్ని బాగుచేసే ప్రమాదం ఉంది.

మన ఇళ్లలో ఇప్పటికీ కనిపించే ఒక సిస్టమ్‌ని తీసుకుందాం. అబ్బాయి ఇంజనీరింగులో చేరాడని 2013లో సికింద్రాబాద్ పార్క్‌లేన్‌కి వెళ్లి, చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో నాలుగు షాపులు తిరిగి, కొటేషన్లు రాయించుకుని కొన్న అసెంబుల్డ్ సిస్టమ్. మూడో తరం ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్. వచ్చినప్పుడు విండోస్ 7. మైక్రోసాఫ్ట్ 2015 జులై నుంచి ఏడాదిపాటు ఉచితంగా ఎక్కించుకోమన్నప్పుడు విండోస్ 10 ఎక్కింది. అబ్బాయి చదువయింది, ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది, డల్లాస్ వెళ్లాడు. సిస్టమ్ మాత్రం హాల్లోనే ఉంది. ఇప్పుడు బటన్ నొక్కి స్నానానికి వెళ్లొచ్చినా తెర మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతూనే ఉంటాయి.

ఈ దశలో మీరు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కీలు మూడూ కలిపి నొక్కకుండా జాగ్రత్తపడాలి. నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో 'డిస్క్' అన్న వరస కింద 100 శాతం అని కనిపిస్తుంది. మీరు ఇన్నాళ్లూ తిట్టుకుంటున్న ప్రాసెసర్ మాత్రం పదో పదిహేనో శాతం దగ్గర కాళ్లు బారజాపుకుని కూర్చుని ఉంటుంది. అంటే అది ముసలిదై ఆగిపోలేదన్నమాట, హార్డ్ డిస్క్ ఇచ్చే సరుకు కోసం ఎదురుచూస్తోందన్నమాట. ఈ సంగతి తెలిసినవాడికి ప్రాసెసర్ మీద కోపం పోతుంది. కోపం పోయాక కొత్త కంప్యూటర్ కొనే ఉత్సాహం ఎక్కడుంటుంది?

ఇక హార్డ్ డిస్క్ లోపల ఏం జరుగుతుందో అసలే తెలుసుకోకండి. లోపల అద్దంలా మెరిసే పళ్లేలు డెస్క్‌టాప్‌లో అయితే సాధారణంగా నిమిషానికి 7,200 సార్లు, ల్యాప్‌టాప్‌లో 5,400 సార్లు తిరుగుతుంటాయి. వాటి మీద ఒక సన్నని చెయ్యి అటూ ఇటూ కదులుతూ అడిగిన ముక్క ఎక్కడుందో వెతుకుతుంది. ఒక్కో వెతుకులాటకి సుమారు పది మిల్లీసెకన్లు. సెకనులో నూరో వంతే కదా అనిపిస్తుంది. కానీ విండోస్ లేచేటప్పుడు వేల సంఖ్యలో చిల్లర ముక్కలు అడుగుతుంది, అవన్నీ పళ్లెం మీద తలో చోట ఉంటాయి. హార్డ్ డిస్క్ బదులు పెట్టుకునే ఎస్ఎస్‌డీలో పళ్లెమూ లేదు, చెయ్యీ లేదు. అదే ముక్కని మిల్లీసెకనులో పదో వంతుకే తెచ్చి ముందు పెడుతుంది. 2013 నాటి చవక బోర్డుల మీద ఎస్ఎస్‌డీకి పూర్తి వేగం రాకపోవచ్చు. అయినా తేడా అంతా ఈ వెతుకులాటలోనే ఉంది కనక స్నానం ముగిసేదాకా లేవని సిస్టమ్ అర నిమిషంలో లేచి కూర్చుంటుంది. పాత కేబుళ్లే సరిపోతాయి. బిగించాల్సినవి నాలుగు స్క్రూలు. ఆ బోర్డు మీద ర్యామ్‌కి రెండో స్లాటు కూడా పుట్టినప్పట్నుంచీ ఖాళీగానే ఉండి ఉంటుంది, అందులో ఇంకో 4 జీబీ పెడితే బ్రౌజర్ కూడా ఊపిరి పీల్చుకుంటుంది. చెప్పానుగా, ఈ పేరా చదివి మరిచిపోండి.

మరి ఏం చెయ్యాలి? రిఫ్రెష్ కొట్టాలి.

అమీర్‌పేటలో కోర్సు చేసినవాడైనా, అద్దె నెట్ సెంటర్‌లో గంటల లెక్కన నేర్చుకున్నవాడైనా మనవాడు సిస్టమ్ ముందు కూర్చోగానే చేసే మొదటి పని ఇదే. డెస్క్‌టాప్ మీద ఖాళీ చోటు చూసుకుని రైట్ క్లిక్, రిఫ్రెష్. మళ్లీ రైట్ క్లిక్, రిఫ్రెష్. చెయ్యి తిరిగినవాళ్లు ఎఫ్5 మీద వేలు పెట్టి నొక్కి పడతారు. ఐకాన్లన్నీ ఒక్కసారి మాయమై మళ్లీ ప్రత్యక్షమవుతాయి. మౌస్ వదిలేసి కుర్చీలో వెనక్కి వాలి, చూశారా ఇప్పుడు ఎంత ఫ్రీ అయిందో అన్నట్టు చూస్తారు. ఆ నొక్కుడుకి జరిగేదల్లా తెర మీది ఐకాన్లని విండోస్ మళ్లీ ఓసారి గీసి చూపించడం. మెమరీలో ఒక్క బైటు కూడా ఖాళీ అవదు. అయినా మానకండి. మనిషికి ఏదో చేస్తున్నానన్న తృప్తి ఉండాలి.

దీని తర్వాతి మెట్టు, రన్ బాక్సులో 'టెంప్' అని కొట్టి వచ్చినవన్నీ డిలీట్ చెయ్యడం. దీనివల్ల పెద్ద నష్టం లేదు కనక నాకు అంత ఇష్టం లేదు. డిస్క్ నిండిపోయి ఉంటే కొంత జాగా కూడా దొరుకుతుంది, ఛీ. 'ప్రీఫెచ్' ఫోల్డర్ ఖాళీ చెయ్యడం అంతకన్నా మేలు. ఏ ప్రోగ్రాం తెరవడానికి ఏయే ముక్కలు కావాలో విండోస్ అందులో గుర్తుగా రాసుకుంటుంది, రెండోసారి తొందరగా తెరవడానికి. రోజూ దాన్ని తుడిచేస్తే విండోస్ రోజూ ఓనమాల నుంచి మొదలుపెడుతుంది. ఎంఎస్ కాన్ఫిగ్‌లోకి వెళ్లి ప్రాసెసర్ల సంఖ్య దగ్గర టిక్కు పెట్టమని చెప్పే వీడియోలు కూడా చూడండి. టిక్కు లేనప్పుడు కూడా విండోస్ అన్ని కోర్లనీ వాడుకుంటూనే ఉంటుంది. టిక్కు పెట్టి తక్కువ సంఖ్య ఎంచుకున్నారనుకోండి, ఉన్నవాటిలో కొన్నిటికి సెలవిచ్చినవాళ్లవుతారు.

రీస్టార్ట్ మాత్రం చెయ్యకండి. ఇది చాలామందికి తెలియని కిటుకు. విండోస్ 8 దగ్గర్నుంచీ మామూలుగా షట్ డౌన్ నొక్కితే కంప్యూటర్ పూర్తిగా ఆరిపోదు. లోపలి సరంజామాలో ఒక భాగాన్ని డిస్క్ మీద దాచుకుని పడుకుంటుంది, పొద్దున్నే దాన్నే మళ్లీ పైకి తీస్తుంది. పూర్తిగా కడిగి మొదలుపెట్టేది రీస్టార్ట్ ఒక్కటే. కనక రోజూ రాత్రి బుద్ధిగా షట్ డౌన్ చేస్తూ, "నేను రోజూ ఆపుతూనే ఉన్నానండీ" అని చెప్పుకుంటూ ఉండండి. ఎప్పుడో సంక్రాంతినాడు దాచిన చెత్త ఉగాది దాకా భద్రంగా ఉంటుంది.

ఇక సాఫ్ట్‌వేర్లు. నెట్‌లో 'పీసీ స్పీడప్', 'బూస్టర్', 'డాక్టర్' అన్న పేర్లు కనిపిస్తే అన్నీ దించుకోండి. రిజిస్ట్రీ శుభ్రం చేస్తామంటాయి. రిజిస్ట్రీ క్లీనర్లకు మద్దతు ఇవ్వమని మైక్రోసాఫ్ట్ ఎప్పుడో చెప్పింది, అది వాళ్ల అసూయ. 2017లో సీక్లీనర్ అనే పేరుమోసిన క్లీనర్ అధికారిక కాపీలోకే హ్యాకర్లు మాల్వేర్ చొప్పించారు, లక్షల మంది దాన్ని శుభ్రత కోసమే దించుకున్నారు. ఇలాంటివి పట్టించుకుంటే బతకలేం. ఈ బూస్టర్లన్నీ సిస్టమ్ లేవగానే తామూ లేచి, మీ సిస్టమ్ ఎందుకు ఆలస్యంగా లేస్తోందో లెక్కలు కడుతూ కూర్చుంటాయి.

యాంటీవైరస్ ఒకటి చాలదు. విండోస్ 10లో డిఫెండర్ ఎలాగూ ఉచితంగా ఉంది, బయటిది వేరొకటి పెడితే అది మర్యాదగా పక్కకి తప్పుకుంటుంది. అలా తప్పుకోని రెండు బయటివి కలిపి పెట్టండి. మీరు తెరిచే ప్రతి ఫైలునీ మొదటిది తనిఖీ చేస్తుంది, రెండోది మళ్లీ చేస్తుంది, ఆపైన ఒకదాన్నొకటి అనుమానిస్తాయి. ఈ తనిఖీలన్నీ జరిగేది ఆ తిరిగే పళ్లెం మీదే.

వీటితో పని జరగకపోతే డబ్బు ఖర్చు పెట్టే ఘట్టం వస్తుంది. మొదట ఇంటర్నెట్ ప్లాన్ మార్చండి. బొమ్మ ఆలస్యంగా తెరుచుకుంటే తప్పు కేబుల్ వాడిదే అవ్వాలి. 300 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకుని, సీపీయూ వెనక ఉన్న ఆ పాత 150 ఎంబీపీఎస్ వైఫై డాంగిల్‌ని మాత్రం అలాగే ఉంచండి. తర్వాత రంగురంగుల లైట్లు వెలిగే కీబోర్డు, ఆ తర్వాత పెద్ద మానిటర్. పాత ర్యామ్ పక్కన కొత్త ర్యామ్ పెట్టాలన్న కోరిక మరీ చంపుకోలేకపోతే, షాపులో డీడీఆర్4 అడిగి తీసుకోండి. ఐ3 మూడో తరం బోర్డుకి డీడీఆర్3 కావాలి, రెండిటికీ గాడి వేరువేరు చోట్ల ఉంటుంది, ఒకదాని స్లాటులో ఇంకొకటి దిగదు. దిగకపోయినా గట్టిగా నొక్కండి.

వేడి గురించి ఓ మాట. సీపీయూ డబ్బాని కంప్యూటర్ టేబుల్‌లో దానికోసమే చేసిన అరలో, గోడకి ఆనించి, తలుపేసి ఉంచండి. పైన కుట్టుపూల గుడ్డ కప్పండి. రెంటచింతల ఎండల్లోనూ ఈ గుడ్డ తియ్యొద్దు. ప్రాసెసర్ వంద డిగ్రీల దరిదాపుల్లోకి వెళితే కాలిపోకుండా తన వేగం తనే తగ్గించుకుంటుంది, అది దాని సంస్కారం. దసరాకి ఆయుధపూజ ఎలాగూ చేస్తాం కదా, అగరొత్తుల స్టాండు సరిగ్గా ఫ్యాను గాలి పీల్చే జల్లెడ ముందు పెట్టండి. బూడిద, గంధం, కుంకుమ, దుమ్ము కలిసి హీట్‌సింక్ రెక్కల మధ్య కంబళిలా పరుచుకుంటాయి. ప్రాసెసర్‌కీ హీట్‌సింక్‌కీ మధ్య ఉండే పేస్టు పదేళ్లకి సున్నంలా ఎండిపోతుంది. కొత్త పేస్టు చిన్న ట్యూబు దొరుకుతుంది గానీ, టూత్‌పేస్టు రాస్తే చాలని చెప్పేవాళ్లు ప్రతి కాలనీలో ఒకరుంటారు, వాళ్లని నిరుత్సాహపరచకండి.

గడియారం వెనక్కి వెళ్లిపోయి, బ్యాంకు సైటు తెరిస్తే భద్రత లేదని హెచ్చరిక వస్తోందా? బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ అయిపోయింది. సీఆర్2032 అని అడిగితే ఏ వాచీల షాపులోనైనా ఇస్తారు. అడక్కండి. రోజూ పొద్దున్నే సంకల్పం చెప్పుకున్నట్టు సంవత్సరం, మాసం, తిథి మీరే కంప్యూటర్‌కి చెబుతూ ఉండండి.

సీపీయూలోంచి టక్... టక్... అని చప్పుడు వస్తే బల్లి సత్యం పలికిందనుకోండి. హార్డ్ డిస్క్ చావుకి దగ్గరపడినప్పుడు దాని చెయ్యి దారి దొరక్క అలా కొట్టుకుంటుంది. ఇది వినగానే తెలివితక్కువవాళ్లు అన్ని పనులూ మానేసి, ఫొటోలన్నీ వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకుంటారు. మీరు ఆగండి. పూర్తిగా పోయాక డేటా రికవరీ వాళ్ల దగ్గరికి వెళ్తే కొత్త డిస్క్ ఖరీదుకి ఎన్నో రెట్లు తీసుకుని, వస్తే వస్తుంది లేకపోతే లేదంటారు.

ఇంకా ప్రాణం ఉంటే ఫార్మాట్ కొట్టించండి. ఫార్మాట్ కొట్టే కుర్రాడు హెల్మెట్ చేతిలో పట్టుకుని వస్తాడు. జేబులోంచి పెన్‌డ్రైవ్‌ల గుత్తి తీస్తాడు. ముందు ర్యామ్ పీకి, మీ మనవడి పెన్సిల్ రబ్బరు అడిగి, బంగారు రంగు పళ్ల మీద రుద్ది, ఉఫ్ అని ఊది మళ్లీ పెడతాడు. కంప్యూటర్ అసలు ఆన్ కానప్పుడు అది నిజంగానే పనిచేసే వైద్యం, స్లోకి మాత్రం కాదు. తర్వాత అడుగుతాడు.

"సార్, సీలో ఏమైనా ఇంపార్టెంట్ ఉన్నాయా?"

"సీలో ఏమీ లేవు బాబూ, అన్నీ డెస్క్‌టాప్ మీదే ఉన్నాయి."

కుర్రాడికి ఇంకో రెండు ఇళ్లకి వెళ్లాలి. సరే సార్ అంటాడు. డెస్క్‌టాప్ అనేది సీ డ్రైవ్‌లోనే ఒక ఫోల్డర్ అన్న సంగతి అరగంట తర్వాత, అమ్మాయి పెళ్లి ఫొటోలు వెతికేటప్పుడు తెలుస్తుంది. కొత్తగా ఎక్కిన విండోస్‌తో పాటు దాన్ని యాక్టివేట్ చెయ్యడానికి ఒక క్రాక్ కూడా వస్తుంది. అది లోపలికి రావాలంటే యాంటీవైరస్ ఆపాలంటాడు. ఆపండి. వచ్చింది ఎవరో మనకెందుకు?

ఫార్మాట్ తర్వాత వారం రోజులు సిస్టమ్ చురుగ్గా ఉంటుంది. ఆ వారం అందరికీ చెప్పుకోండి. పళ్లెం అదే, చెయ్యి అదే కనక ఎనిమిదో రోజు నుంచి మళ్లీ మామూలే.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు మద్దతు ముగిసింది. మీ ఐ3కి అధికారికంగా విండోస్ 11 ఎక్కదు, ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచే ఒప్పుకుంటారు, టీపీఎం 2.0 కూడా ఉండాలంటారు. ఇళ్లలో వాడుకునేవాళ్లకి 2026 అక్టోబర్ 13 వరకు భద్రతా అప్‌డేట్లు ఇచ్చే ఏర్పాటు ఒకటి పెట్టారు, అందులో పైసా కట్టనక్కర్లేని దారి కూడా ఉంది. సెట్టింగ్స్‌లోకి వెళ్లి దానికోసం చూడకండి. అడ్డదారిలో విండోస్ 11 ఎక్కించే వీడియో పెట్టుకుని, అదే 4 జీబీ ర్యామ్ మీద, అదే హార్డ్ డిస్క్ మీద ఎక్కించండి. ఫిక్స్‌డ్ డిపాజిట్లు కూడా అందులోంచే చూసుకోండి.

లినక్స్ మింట్ అని ఒకటుంది. ఉచితం, ఇలాంటి సిస్టమ్ మీద చక్కగా నడుస్తుంది, ఇన్‌స్టాల్ చెయ్యకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూసుకోవచ్చు, యూనికోడ్ తెలుగు టైపింగూ ఉంది. బ్యాంకు సైటు, మెయిలు, యూట్యూబ్, ఈ-పేపర్ తప్ప వేరే పని లేని ఇంటికి అది బోలెడు. ఇక్కడ ఒక్క విషయంలో మాత్రం నేను పాత విండోస్ పార్టీ. పెళ్లి శుభలేఖలకీ, కరపత్రాలకీ, పుస్తకాలకీ అను ఫాంట్లలో పేజ్‌మేకర్ మీద టైపు చేసిన ఫైళ్లు తెలుగునాట లెక్కలేనన్ని ఉన్నాయి. పేజ్‌మేకర్‌కి 2001లో వచ్చిన 7.0 తర్వాత కొత్త వెర్షనే రాలేదు. ఆ అక్షరాలు యూనికోడ్ కావు కనక వేరే చోట తెరిస్తే పిచ్చి గీతలొస్తాయి. ఇంట్లో పెద్దాయన తన కథలన్నీ అలా దాచుకుని ఉంటే ఆ పాత సిస్టమ్‌ని నెట్ కనెక్షన్ పీకేసి టైపుకి మాత్రమే ఉంచుకోవడంలో తప్పులేదు. నెట్ పీకడం మీకు నచ్చకపోతే మీ ఇష్టం.

ఇన్నీ చేశాక విసుగొచ్చి ఆ ఐ3ని ఇనుప సామాను వాడికి తూకానికి వేసెయ్యండి. హార్డ్ డిస్క్ తియ్యకుండా వెయ్యండి. రీసైకిల్ బిన్ ఖాళీ చేశారు కదా, చాలు. డిలీట్ చేసినప్పుడు పోయేది ఫైలు ఉన్న చోటుని చెప్పే గుర్తే గానీ, దాని మీద ఇంకోటి రాసేదాకా ఫైలు అక్కడే ఉంటుందన్న సంగతి, మీ ఆధార్, పాన్, ఇంటి దస్తావేజుల స్కాన్లతో సహా ఆ డిస్క్ ఎర్రగడ్డ ఆదివారం సంతలో గోనెపట్టా మీద తేలినా ఎవరికి తెలుస్తుంది?

ఇప్పుడు రెండో పాఠంలో రెండో సగం. ఇంట్లో 2016 ప్రాంతంలో చవగ్గా వచ్చిందని కొన్న చిన్న ల్యాప్‌టాప్ కూడా ఒకటుంటుంది. 2 జీబీ ర్యామ్, 32 జీబీ మెమరీ, రెండూ బోర్డుకే అతికించి ఉంటాయి, మార్చడానికి లేదు. విండోస్ అప్‌డేట్ రావడానికే అందులో జాగా చాలదు. దాన్ని బాగుచేయించండి. కొత్త బ్యాటరీ వేయించండి, విరిగిన హింజ్ మార్పించండి, కొత్త అడాప్టర్ కొనండి. ఇంత ఖర్చుపెట్టాక పారెయ్యబుద్ధి కాదు, ఆ వ్యామోహమే దానికి శ్రీరామరక్ష.

కొత్తది కొనాలనే పార్టీ ఇంకా గోల చేస్తుంటే షాపుకెళ్లి 'ఐ7 ఉందా' అని మాత్రమే అడగండి. తరం అడక్కండి. 2011 నాటి ఐ7ని శుభ్రం చేసి, స్టిక్కరు అతికించి, రీఫర్బిష్డ్ అని అమ్ముతారు. 2022లో వచ్చిన పన్నెండో తరం ఐ3 దాన్ని అవలీలగా దాటిపోతుందన్న మాట నోరు జారి కూడా అనకండి, పక్కింటివాళ్లకి 7 అంకె కనపడాలి కదా. ర్యామ్ 4 జీబీ చాలనండి. ఎస్ఎస్‌డీయా, హార్డ్ డిస్కా అని అతనడిగితే, ఎందులో ఎక్కువ జీబీలొస్తే అదివ్వండి అనండి. 1 టీబీ హార్డ్ డిస్క్ చేతికొస్తుంది. ఇంటికొచ్చి బటన్ నొక్కి స్నానానికి వెళ్లొచ్చు.

మిగిలిపోయిన చిన్న ల్యాప్‌టాప్‌ని ఊళ్లో నాన్నగారికి పంపండి. పెద్దవాళ్లకి కాలక్షేపంగా ఉంటుంది. అప్‌డేట్లు ఆగిపోయాయని చెప్పి భయపెట్టకండి, మూడు బూస్టర్లూ రెండు యాంటీవైరస్‌లూ అలాగే ఉంచి పంపండి. ఏ రాత్రి పదింటికో ఫోనొస్తుంది.

"ఒరేయ్, ఇందులో నలభై ఏడు వైరస్‌లున్నాయట రా. ఎర్రగా వచ్చింది, కూస్తోంది కూడా."

"దాన్ని నొక్కకు నాన్నా. పవర్ బటన్ పట్టుకుని ఆపేసెయ్."

"నొక్కలేదు. కింద ఫోన్ నంబర్ ఇచ్చారు, సాయంత్రం చేశాను. నీకు అంతకుముందు మూడుసార్లు చేస్తే ఎత్తలేదు. అతను మొదటి రింగుకే ఎత్తాడు."